తీరిక వేళ: రెండవ ఆల్బమ్ అనే పరీక్ష

ఈ శీర్షికలో ఇంతవరకు త్యాగరాజస్వామి కృతుల గురించి, రవీంద్ర సంగీతం గురించి, ఘంటసాలవారి పద్యగానం గురించి ముచ్చటించుకున్నాము. ఈ మాసం 'మెటాలికా' అనే అమెరికన్ రాక్ బృందం గురించి వ్రాస్తున్నామనగానే కొందరు పెద్దలు పుట తిప్పివేస్తారేమోనన్న శంక మాకు లేకపోలేదు. కాస్త ఓపిక పట్టవలసినదిగా మనవి. ఈ విషయాన్ని మేము వెదకి తెచ్చుకోలేదు. మా క్వార్టర్స్‌లోని ఒక ఇంటి నుండి అదే వచ్చి మా తలుపు తట్టింది.

గత మాసం ఒక ఆదివారం ఉదయం మా సహోద్యోగి ఒకరు తమ కుమారుని నోటు పుస్తకం చేతబట్టుకొని మా ఇంటికి వచ్చారు. అబ్బాయి పన్నెండవ తరగతి చదువుతున్నాడు. పుస్తకం చివరి పుటలో ఆంగ్లంలో ఒక గేయం వ్రాసి ఉన్నది. బ్రతుకు మీద విరక్తి, తనను తాను కోల్పోతున్నానన్న నిరాశ, చివరకు ఒక వీడ్కోలు. చదివి మేము కూడా క్షణకాలం మాట రాక ఊరకుండిపోయాము.

"ఇది వాడు సొంతంగా వ్రాశాడా, ఎక్కడినుంచైనా ఎత్తి వ్రాశాడా, మీరే చూచి చెప్పండి. రాత్రి నా కంటబడింది. వాళ్ళమ్మకు ఇంకా చూపించలేదు. వాడిని అడుగుదామంటే నోరు రావడం లేదు" అన్నారు ఆయన.

కాఫీ తెచ్చిన మా అమ్మాయి ఆ పుట చూచి, "ఇది పాట అంకుల్. 'ఫేడ్ టు బ్లాక్' అని, మెటాలికా వాళ్ళది. నేను పుట్టకముందుది" అన్నది. ఆయన ముఖంలో ముందు ఊరట, ఆ వెంటనే ఆగ్రహం కనిపించాయి. "ఇలాంటివి వినబట్టే పిల్లలు ఇలా తయారవుతున్నారు. ఈ రోజే ఆ ఫోను లాగేస్తాను" అంటూ లేచారు. ఫోను జోలికి పోవద్దనీ, అబ్బాయిని ఒంటరిగా వదలక మామూలుగా మాట్లాడుతూ ఉండమనీ, ఆ పాట సంగతేమిటో తెలుసుకొనేందుకు మాకు ఒక వారం గడువు ఇమ్మనీ బ్రతిమాలి కూర్చోబెట్టాము. తెలియని దానిపై తీర్పు చెప్పడం పెద్దరికం అనిపించుకోదు కదా. ఆ వారంలో విన్నదీ తెలుసుకొన్నదీ ఇక్కడ పొందుపరుస్తున్నాము.

ముందుగా ఈ శైలి గురించి రెండు మాటలు. దీనిని 'థ్రాష్ మెటల్' అంటారు. థ్రాష్ అంటే ఆంగ్లంలో చావబాదడమని అర్థం. బ్రిటన్‌లో అప్పటికే ఉన్న హెవీ మెటల్ సంగీతపు బరువును, పంక్ సంగీతపు వేగాన్ని జోడించి 1980 దశకం ఆరంభంలో అమెరికా యువకులు దీనికి రూపమిచ్చారు. గిటార్ తీగలను మీటే చేతి అంచుతోనే అదిమిపట్టి తునకలు తునకలుగా మ్రోగించడం, రెండు పాదాలతో పెద్ద డ్రమ్ములను ఎడతెగక మోదడం దీని లక్షణాలు. బడ్జ్ బడ్జ్‌లో ఉండే మనకు శబ్దం కొత్త కాదు. హుగ్లీ ఒడ్డున జెట్టీ, చమురు ట్యాంకులు, పంపుల మోత, జూటు మిల్లు సైరన్లు, ట్యాంకర్ లారీల బారులు మన దినచర్యలోని భాగాలే. పంపు మోతలోని చిన్న తేడాను బట్టి బేరింగు చెడుతున్నదని చెప్పగల ఆపరేటర్లు మన మధ్య ఉన్నారు. అలవాటు లేని చెవికి అది ఒట్టి మోత, తెలిసిన చెవికి అందులో సమాచారం ఉన్నది. ఈ సంగీతం విషయంలోనూ అదే జరుగుతుందని వారం ముగిసేసరికి మాకు అర్థమైంది.

మెటాలికా బృందం 1981లో లాస్ ఏంజిలిస్‌లో ఏర్పడింది. స్థాపకులు ఇద్దరు. డ్రమ్ములు వాయించే లార్స్ ఉల్రిక్ డెన్మార్క్ దేశస్థుడు. ఆయన తండ్రి టోర్బెన్ ఉల్రిక్ పేరుపొందిన టెన్నిస్ ఆటగాడు. తండ్రి బాటలో నడవవలసిన కుమారుడు రాకెట్టు వదలి డ్రమ్ము పుల్లలు పట్టాడు. పాడుతూ గిటార్ వాయించే జేమ్స్ హెట్‌ఫీల్డ్ పదహారేళ్ళ వయసులో, 1980లో, కేన్సరు వ్యాధి వలన తల్లిని పోగొట్టుకొన్నాడు. అంతకు ముందే తండ్రి ఇల్లు విడిచి వెళ్ళిపోయాడు. తర్వాత వీరితో బేస్ గిటార్ వాయించే క్లిఫ్ బర్టన్, ప్రధాన గిటారిస్టు కిర్క్ హామెట్ చేరారు.

వీరి తొలి ఆల్బమ్ 'కిల్ ఎమ్ ఆల్' 1983 జూలైలో వెలువడింది. పెద్ద కంపెనీలేవీ ముందుకు రాకపోవడంతో, న్యూజెర్సీలో ఒక సంతలో రికార్డుల దుకాణం నడుపుకొనే జాన్ జజూలా, మార్షా దంపతులు 'మెగాఫోర్స్' అనే సొంత సంస్థను పెట్టి దానిని విడుదల చేశారు. అందులో ఆద్యంతం వేగమే ప్రధానం. ఆ వేగాన్ని చూచే కుర్రకారు వీరిని నెత్తిన పెట్టుకొన్నది. అసలు చిక్కు అక్కడే మొదలయింది. మెచ్చుకోలు పొందిన దానినే మరొకసారి చేసి చూపితే చాలు, అభిమానులు సంతోషిస్తారు. తాము నేర్చిన కొత్త సంగతులను చూపబోతే వారికి కోపం రావచ్చు. రెండవ ఆల్బమ్ చేసే ప్రతి బృందానికీ ఈ పరీక్ష తప్పదు.

పరీక్షకు ముందు ఒక దెబ్బ కూడా తగిలింది. 1984 జనవరిలో బోస్టన్ నగరంలో వారి వాద్య సామగ్రి దొంగల పాలయింది. అందులో హెట్‌ఫీల్డ్‌కు ప్రాణప్రదమైన మార్షల్ యాంప్లిఫయరు కూడా ఉన్నది. వీణ పోయిన వైణికుని బాధ ఎటువంటిదో ఊహించుకొంటే ఆ నష్టం మనకు బోధపడుతుంది. ఆ మనఃస్థితి నుండే 'ఫేడ్ టు బ్లాక్' పుట్టిందని హెట్‌ఫీల్డ్ అనంతర కాలంలో చెప్పుకొన్నాడు. మా మిత్రుని కుమారుడు నోటు పుస్తకంలో ఎత్తి వ్రాసుకొన్నది ఈ పాటనే.

1984 ఫిబ్రవరి, మార్చి నెలల్లో వారు డెన్మార్క్ రాజధాని కోపెన్‌హేగన్‌లోని 'స్వీట్ సైలెన్స్' స్టూడియోలో పనికి దిగారు. అక్కడి శబ్ద సాంకేతికుడు ఫ్లెమింగ్ రాస్ముసెన్ 1981లో 'రెయిన్‌బో' బృందానికి చేసిన రికార్డు ఉల్రిక్‌కు నచ్చింది. అందువలననే అంత దూరం వెళ్ళారు. హెట్‌ఫీల్డ్, ఉల్రిక్‌ల వయసు అప్పటికి ఇరవై. హామెట్‌కు ఇరవై ఒకటి, బర్టన్‌కు ఇరవై రెండు. పగటి వేళ స్టూడియోను ఇతర కళాకారులు వాడుకొనేవారు గనుక వీరు రాత్రివేళ పని చేసేవారు. మనలో రాత్రి షిఫ్టు చేసేవారికి ఆ కష్టం వేరుగా చెప్పనక్కరలేదు. పోయిన యాంప్లిఫయరు నాదం తిరిగి రావడం కోసం మార్షల్ యాంప్లిఫయర్లు అనేకం తెప్పించి ఒక్కొక్కటిగా పరీక్షించారు. ఖర్చు జజూలా దంపతులకు తలకు మించిన భారమైనపుడు, వీరి రికార్డులను యూరప్‌లో విడుదల చేసే 'మ్యూజిక్ ఫర్ నేషన్స్' సంస్థ స్టూడియో బిల్లును భరించింది.

సంగీతపరంగా వచ్చిన మార్పుకు క్లిఫ్ బర్టన్ ముఖ్య కారకుడు. ఆయన చిన్ననాట పియానో పద్ధతి ప్రకారం నేర్చినవాడు, బాఖ్ సంగీతమంటే ప్రీతి కలవాడు. ఒక స్వరంతో మరొక స్వరం పొసగేటట్లు వరుసలు పేర్చడం ఎట్లాగో ఆయన వద్ద హెట్‌ఫీల్డ్ నేర్చుకొన్నాడు. హామెట్ అప్పటికే జో సాట్రియాని అనే గురువు వద్ద గిటార్ అభ్యసించినవాడు. చదువు లేని గోల అని మనం కొట్టిపారేసే సంగీతం వెనుక ఇంత సాధన ఉన్నదని మాకు అంతవరకు తెలియదు.

'రైడ్ ద లైట్నింగ్' అని పేరు పెట్టిన ఆ రెండవ ఆల్బమ్ 1984 జూలై 27న వెలువడింది. మొత్తం ఎనిమిది రచనలు, సుమారు 47 నిమిషాలు. మొదటి పాట సుకుమారమైన అకూస్టిక్ గిటార్‌తో మొదలవుతుంది. మనం తప్పు రికార్డు పెట్టామేమోనని అనుకొనేలోగా పిడుగు పడ్డట్లు వేగం అందుకొంటుంది. అణుయుద్ధంతో లోకం అంతరించడం దాని విషయం. రెండవది విద్యుత్ కుర్చీలో మరణశిక్షకు ఎదురు చూసే మనిషి గోడు. అట్టమీది బొమ్మ కూడా అదే కుర్చీ. మూడవది స్పెయిన్ అంతర్యుద్ధం నేపథ్యంగా హెమింగ్వే 1940లో ప్రచురించిన నవల ఆధారంగా అల్లినది. మరొకటి బైబిలులోని ఈజిప్టు తెగుళ్ళ కథ. చివరిది మాటలు లేని వాద్య రచన, దాదాపు తొమ్మిది నిమిషాలు సాగుతుంది. ఈ పాటలలో మరణం ప్రస్తావన అడుగడుగునా ఉన్నది. అయితే వీరు మరణాన్ని కీర్తిస్తున్నారని మాకు తోచలేదు. తన చేతిలో లేని శక్తి ఎదుట నిలబడిన మనిషి పెట్టే కేకగానే ఇవి వినిపించాయి.

నాలుగవ పాట 'ఫేడ్ టు బ్లాక్'. సుమారు ఏడు నిమిషాలు. మెల్లగా మొదలై, మెల్లగానే నడచి, మాటలు ముగిసిన తరువాత గిటార్లు విజృంభిస్తాయి. అప్పటివరకు మెటాలికా వంటి బృందం నుండి అటువంటి పాట రాలేదు. తొలి అభిమానులలో కొందరు మండిపడ్డారు. అకూస్టిక్ గిటార్ పట్టారనీ, నెమ్మదించారనీ, డబ్బుకు అమ్ముడుపోయారనీ నిందించారు. వారి దృష్టిలో వేగమే నిజాయితీ. అయితే కాలక్రమంలో ఆ పాట గురించి హెట్‌ఫీల్డ్‌కు వచ్చిన ఉత్తరాలలో వేరొక మాట వినవచ్చింది. దానిని విని తాము ఒంటరివారము కామని తెలిసిందనీ, ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన నుండి బయటపడ్డామనీ ఎందరో ఆయనకు వ్రాశారు.

ఆల్బమ్‌కు వచ్చిన ఆదరణ కూడా నెమ్మదిగా పెరిగినదే. రేడియోలు పట్టించుకోలేదు. అమెరికాలోని బిల్‌బోర్డ్ పట్టికలో ఆ రోజుల్లో అది చేరుకొన్న గరిష్ఠ స్థానం నూరు. ఫ్రాన్సులో ముద్రాపకుల పొరపాటు వలన నీలి అట్టకు బదులు ఆకుపచ్చ అట్టతో నాలుగు వందల ప్రతులు వెలువడ్డాయి. తప్పుగా అచ్చయిన తపాలా బిళ్ళల వలె నేడు సేకరణకారులు వాటికోసం వెదకుతారు. 1984 ఆగస్టులో న్యూయార్కులో వీరి ప్రదర్శన చూచిన మైకేల్ అలాగో అనే ఎలెక్ట్రా కంపెనీ ఉద్యోగి పట్టుబట్టి వీరిని తమ సంస్థలో చేర్చుకొన్నాడు. అదే నవంబరులో ఎలెక్ట్రా ఆల్బమ్‌ను తిరిగి విడుదల చేసింది. అమెరికాలో అయిదు లక్షల ప్రతులకిచ్చే బంగారు గుర్తింపు రావడానికి 1987 నవంబరు వరకు పట్టింది. 2012 నాటికి ఆ గుర్తింపు అరవై లక్షల ప్రతులకు చేరింది. ఈ పెరుగుదలను బర్టన్ చూడలేదు. 1986 సెప్టెంబరు 27న స్వీడన్‌లో బృందం ప్రయాణిస్తున్న బస్సు బోల్తాపడి, 24 ఏళ్ళ వయసులో ఆయన మరణించాడు.

తొలి అభిమానుల కోపం, ఆలస్యంగా వచ్చే గుర్తింపు మన కలకత్తాకూ కొత్త కాదు. 1975లో ఇక్కడ గౌతమ్ చట్టోపాధ్యాయ్, ఆయన మిత్రులు కలిసి 'మొహీనేర్ ఘొడాగులి' అనే బృందాన్ని స్థాపించారు. పేరును జీవనానంద దాస్ కవిత నుండి తీసుకొన్నారు. వీరిది మెటల్ సంగీతం కాదు. బాఉల్ గానాన్నీ పాశ్చాత్య రాక్, జాజ్ పద్ధతులనూ కలిపి నగర జీవితం గురించి బెంగాలీలో పాడారు. తొలి రికార్డు 1977లో, రెండవది 1978లో వచ్చాయి. రెండవదానికి 'గుర్తు తెలియని ఎగిరే వస్తువు' అని అర్థం వచ్చే పేరు పెట్టారు. ఆ రోజుల్లో శ్రోతలకు అది నిజంగానే గుర్తు తెలియని వస్తువు. ఆదరణ అంతంత మాత్రమే. 1980 దశకం ఆరంభంలో బృందం విడిపోయింది. 1995లో, ఇరవై ఏళ్ళు గడచిన పిమ్మట, గౌతమ్ చట్టోపాధ్యాయ్ కొత్త తరం గాయకులతో కలిసి ఒక సంకలనం వెలువరించినప్పుడు బెంగాలీ యువత వారిని అక్కున చేర్చుకొన్నది. ఆయన 1999లో మరణించారు. నేడు బెంగాలీ రాక్ సంగీతానికి వారినే ఆద్యులుగా చెప్పుకొంటారు.

ఇక మా మిత్రుని ఇంటి విషయానికి వస్తాము. అనుకొన్నట్లుగానే మరుసటి ఆదివారం వారింటికి వెళ్ళాము. "నీ పాటలు మాకూ వినిపించవయ్యా" అంటే అబ్బాయి నమ్మలేనట్లు తండ్రి వైపు చూశాడు. ఆయన తల ఊపారు. ఏడు నిమిషాలూ ఎవరమూ మాట్లాడలేదు. పాట ముగిశాక తండ్రిగారు చాలా మెల్లగా అడిగారు: "ఇది పుస్తకంలో ఎందుకు వ్రాసుకున్నావు నాన్నా? నీకూ అలాగే ఉంటోందా?"

అబ్బాయి కొంతసేపు తల వంచుకొని కూర్చున్నాడు. ఫిజిక్సులో ప్రీ-బోర్డు మార్కులు చాలా తక్కువ వచ్చాయనీ, ఆ కాగితం ఇంట్లో చూపించలేదనీ, రాత్రులు నిద్ర పట్టడం లేదనీ ఒక్కొక్కటిగా చెప్పాడు. "చచ్చిపోవాలని లేదు నాన్నా. కానీ మీకెలా చెప్పాలో తెలియలేదు. ఈ పాట వింటుంటే ఇలా ఇంకొకరికి కూడా అనిపించిందని తెలిసేది. అంతే" అన్నాడు.

మా మిత్రుడు ఆ తరువాత చెప్పిన మాట మాకు కూడా కొత్త. ఇంటర్మీడియట్‌లో తాను మొదటిసారి తప్పాడనీ, ఆ సంగతి తన తండ్రికి చెప్పలేక మూడు రోజులు స్టేషను ప్లాట్‌ఫారం మీద పడుకొన్నాడనీ, రెండవసారి కూర్చొని ఉత్తీర్ణుడయ్యాడనీ కుమారునికి చెప్పారు. ఇన్నేళ్ళ స్నేహంలో ఆయన మాకు ఈ ముక్క చెప్పలేదు. వంటింటి గుమ్మంలో నిలబడి విన్న ఆమెగారికి కూడా చెప్పలేదని ఆమె ముఖమే తెలిపింది.

తల్లిదండ్రులకు మా విన్నపం ఇది. పిల్లవాడు విచారపు పాట వింటున్నాడంటే పాటను నేరస్థుని చేయకండి. వాడు నోటితో చెప్పలేని మాటను ఆ పాట చెబుతూ ఉండవచ్చు. ప్రక్కన కూర్చొని వినండి, ఆపై సూటిగా, ప్రేమగా అడగండి. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదని మానసిక వైద్యులు చెబుతున్నారు. నిద్ర, తిండి, మాట తీరు మారినా, ఇష్టమైన వస్తువులు పంచివేస్తున్నా, బ్రతకాలని లేదన్న మాట నోట వచ్చినా ఆలస్యం చేయక వైద్యుని వద్దకు తీసుకొని వెళ్ళవలెను. 2022లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన 'టెలి-మానస్' సేవకు 14416 నంబరుపై ఏ వేళనైనా ఫోను చేయవచ్చు.

పిల్లలకు కూడా ఒక మాట. మన ప్లాంటులో చెవి రక్షణ గురించి భద్రతా విభాగంవారు చెప్పేది ఇయర్‌ఫోన్లకూ వర్తిస్తుంది. 85 డెసిబెల్‌లకు మించిన శబ్దాన్ని రోజూ గంటల తరబడి వింటే చెవి దెబ్బతింటుంది, ఒకసారి పోయిన వినికిడి తిరిగి రాదు. చెవిలో ఆగని హోరుతో తాను బాధపడినట్లు లార్స్ ఉల్రిక్ స్వయంగా చెప్పాడు. మీ అభిమాన వాద్యకారుని మాటనైనా మన్నించండి.

గత ఆదివారం తండ్రీకొడుకులిద్దరూ సియాల్దా లోకల్ ఎక్కుతూ స్టేషనులో మాకు కనిపించారు. పాత రికార్డుల దుకాణాలకు పేరుపడిన ఫ్రీ స్కూల్ స్ట్రీట్‌కు పోతున్నామని చెప్పారు. 'రైడ్ ద లైట్నింగ్' దొరుకుతుందేమోనని అబ్బాయి ఆశ. "రికార్డు కొంటే ఇంట్లో వాయించడానికి ఏముంది?" అని మేము అడిగితే, "అటక మీద మా నాన్నగారి రికార్డు ప్లేయరు ఉన్నదండీ. పని చేస్తుందో లేదో చూడాలి" అన్నారు మా మిత్రుడు. బండి కదిలింది.

వచ్చే సంచికలో మరొక విషయంతో కలుసుకొందాము. అంతవరకు సెలవు.